లైను దిగిన డ్రైవరు

సాలూరు అనగానే మనలాంటి వాళ్ళకి ముందు గుర్తొచ్చేది పాట. సాలూరి రాజేశ్వరరావుగారి ఇంటిపేరులో వున్నది ఆ వూరే. ఆయన 1922లో పుట్టిన శివరామపురం సాలూరుకి దగ్గరే. ఘంటసాలకి విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారిని అందరూ ‘సాలూరు చిన గురువుగారు’ అనే పిలిచేవారు. అంచేత ఆ వూరి పేరు వింటే చెవిలో తంబురా మోగడం న్యాయమే. కానీ బస్సు దిగి నాలుగడుగులు వేశారూ, చెవిని పడేది లారీ హారను! దాని వెనకాలే చెక్క చెక్కుతున్న చప్పుడు, రేకు మీద సుత్తి దెబ్బలు, రంగు వాసన, డీజిలు వాసన. ఆంధ్రదేశంలో లారీలకి విజయవాడ తర్వాత మా వూరేనని సాలూరు వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. లెక్క కట్టిందెవరో గానీ, వీధులు చూసిన వాళ్ళకి కాదనబుద్ధి పుట్టదు.

పాటకి గురువున్నట్టే స్టీరింగుకీ గురువుంటాడని నాకు ఆ వూళ్ళోనే తెలిసింది. క్లీనరు కుర్రాడు డ్రైవర్ని ‘గురువుగారూ’ అనే పిలుస్తాడు. మరి ఈ గురువుగారు రిటైరయ్యేదెప్పుడు? మన ఇళ్ళల్లో రిటైర్మెంటు అంటే ఓ పండగ. శాలువా, దండ, గ్రూపు ఫోటో, ఆఫీసరుగారి ఉపన్యాసం. మర్నాటి నుంచి మొగుడు ఇంట్లోనే కూచుని పోపులో ఇంగువ ఎక్కువైందో తక్కువైందో చెబుతూంటాడు, మనం విసుక్కుంటూంటాం. లారీ డ్రైవరుకి ఆ రోజంటూ ఒకటి లేదు. ఫలానా తారీఖున నువ్వింక దిగిపోవచ్చు అని చెప్పే కాగితం అతని చేతికి ఎవరూ ఇవ్వరు. అలా ఎందుకైందో చూడాలంటే కాస్త వెనక్కి, కొండ కేసి వెళ్ళాలి.

సాలూరు కొండల పాదాల దగ్గర వుంది. వేగావతి దాటి కాస్త ముందుకి పోతే ఘాటీ మొదలు. పైన సుంకి, పొట్టంగి, సిమిలిగుడ, ఆ తర్వాత కొరాపుట్, జైపూరు. సాలూరు నుంచి కొరాపుట్‌కి సుమారు 80 కిలోమీటర్లు, కానీ ఆ కాసేపట్లో మనం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తుకి చేరిపోతాం. పక్కనే వున్న దేవమాలి శిఖరం 1672 మీటర్లు. ఒరిస్సా మొత్తంలో అంతకన్నా ఎత్తయిన కొండ లేదు. పైన పండేవి చింతపండు, పసుపు, వలిసెలు, ధాన్యం. పైన దొరకనివి ఉప్పు, బట్టలు. ఉప్పు లేనిదే ఏ వంటా లేదు కదా! ఈ రెంటి మధ్య వున్న మెట్టు సాలూరు.

రోడ్డు లేని కాలంలో ఆ ఉప్పుని కొండెక్కించింది లంబాడీల ఎద్దులు. గోనెలు వీపు మీద వేసుకుని మందలు మందలుగా ఎక్కేవి, దిగేటప్పుడు కొండ సరుకు మోసుకొచ్చేవి. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు తిరగేస్తే ఈ వ్యాపారాల సంగతీ, ఘాటీ రోడ్ల సంగతీ వివరంగా వుంటాయి. అప్పటికి బళ్ళు నడిచే రోడ్డు పడిపోయింది. ఎడ్లబండి వచ్చింది, బండి తోలేవాడు వచ్చాడు. నా మటుకు నాకు మన డ్రైవర్ల వంశవృక్షం అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

ఆ బండివాడి వృద్ధాప్యం ఎలా వుండేదో ఒక్కసారి ఊహించండి. ఎడ్లకి దారి తెలుసు. రాత్రిపూట బండి కింద లాంతరు కట్టి, ముసలాయన గడ్డి మీద ఒరిగి కునుకు తీసినా బండి ఇంటికొచ్చేది. మోకాళ్ళు పట్టేస్తే కొడుకు పగ్గాలు పట్టేవాడు, తండ్రి పక్కన కూచుని “హై” అనేవాడు. కొన్నాళ్ళకి సంతకి మాత్రం వెళ్ళేవాడు, తర్వాత పొలానికి మాత్రం. పని అతన్ని ఒక్కసారిగా కింద పడేసేది కాదు, మెల్లిగా దింపేది. లారీకి ఆ దయ లేదు. స్టీరింగు ముందు ఒక్క నిమిషం రెప్ప వాలితే ఎడమ పక్క లోయ.

1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురానికి రైలు వేశారు. 1913లో బొబ్బిలి దగ్గర చీల్చి సాలూరు దాకా ఓ పాయ లాగారు. లాగి, అక్కడితో ఆపేశారు. ఎదురుగా కొండ! తర్వాత 1931లో రాయపూరుకి రైలు మార్గం పూర్తయినా అది పార్వతీపురం మీంచి పోయింది. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి ఇనుప ఖనిజం కోసం వేసిన రైలు అరకు మీదుగా కొండెక్కింది. రెండూ సాలూరుని పక్కన వదిలేశాయి. చివరికి ఆ చిన్న లైను మీద బొబ్బిలికీ సాలూరుకీ మధ్య ఒకే పెట్టె రైలుబస్సు చాలాకాలం నడిచింది. ఎక్కిన వాళ్ళు దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముసిముసిగా నవ్వుతారు. మొత్తానికి రైలు ఆగిపోయిన చోట రోడ్డు మొదలవడమే ఈ వూరి జాతకం. రైలు పెట్టెలోంచి దిగిన బస్తా కొండెక్కాలంటే సాలూరు మనిషి కావాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొరాపుట్, జైపూరు ప్రాంతాలు అటు వెళ్ళిపోయాయి. అప్పటిదాకా ఒకే విశాఖపట్నం జిల్లా, ఆ మర్నాటి నుంచి రెండు రాష్ట్రాలు. ఘాటీ మధ్యలో సరిహద్దు వచ్చింది. సరిహద్దు వచ్చిన చోట చెక్‌పోస్టు, చెక్‌పోస్టు వున్న చోట లారీల బారు, బారు తీరిన చోట టీ కొట్టు! ఇటు పాచిపెంట మండలంలో పి. కోనవలస, అటు సుంకి. (అక్కడికి దగ్గర్లోనే వున్న కొఠియా గ్రామాలు ఏ రాష్ట్రానివన్న తగువు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కథ వేరే.) సాలూరు కూడా తక్కువ జిల్లాలు మారలేదు. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది, 1979లో విజయనగరంలోకి వెళ్ళింది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. లారీ పలకల మీద వూరి పేరు రాసే పెయింటరుకి మాత్రం ఆ మూడక్షరాలూ మార్చే పని పడలేదు.

మొదటి బస్సులూ లారీలూ మన తాతల కాలం నాటివి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను పెడితే వెనకాల కుంపటి లాంటి డబ్బా కట్టి బొగ్గు గ్యాసుతో నడిపారు. అప్పటి క్లీనరు పని సగం వంటమనిషి పనే, పొయ్యి ఊదుతూ వుండాలి. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న పాత లారీలు వేలంలో దొరికాయి. 1954లో టాటా వాళ్ళు జర్మనీ బెంజి వాళ్ళతో కలిసి లారీలు చెయ్యడం మొదలెట్టారు. ఆ తర్వాత పెద్ద గిరాకీ పైనుంచే వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది. 1958లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. 1960ల్లో సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ కట్టారు. 1981లో నాల్కో ఏర్పడింది, దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం లేచింది. కొండ మీద ఇంత కడుతూంటే కింద వున్న వూళ్ళో లారీలు పెరగవూ?

లారీ కొంటే కంపెనీ ఇచ్చేది ఛాసిస్సే, అంటే ఇంజనూ చక్రాలూ చట్రం. మిగతాదంతా సాలూరులోనే తయారయ్యేది. వడ్రంగి చెక్క బాడీ కట్టాలి, కమ్మరి ఇనప పట్టీలు వెయ్యాలి, టింకరు రేకు మలచాలి, పెయింటరు దేవుడి బొమ్మా, తామరపువ్వూ, పిల్లల పేర్లూ రాయాలి. దర్జీ సీటు కుట్టాలి. లారీ ఒక్కటే గానీ ఎన్ని పొయ్యిలు వెలిగించేదో చూడండి.

ఇక డ్రైవరు ఎలా తయారయ్యేవాడో చెబుతాను, ఇది బళ్ళో నేర్పే చదువు కాదు. పదమూడు పద్నాలుగేళ్ళ గుంటడు క్లీనరుగా ఎక్కేవాడు. లారీ కడగడం, టైరు గాలి చూడటం, ఘాటీలో బండి వెనక్కి జారితే చటుక్కున దూకి చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడం. ఆ దూకుడులో కాలు పోయిన వాళ్ళూ వున్నారు. ఏ గేరులో కొండెక్కావో ఆ గేరులోనే దిగాలన్నది మొదటి పాఠం. బ్రేకుని నమ్ముకుని దిగేవాడికి సగం దారిలో డ్రమ్ములు కాగి బ్రేకు పట్టదు. గురువుగారు నిద్రపోయేటప్పుడు ఖాళీ రోడ్డు మీద స్టీరింగు ఇచ్చి చూసేవాడు. లైసెన్సుకి ఇరవై నిండాలని చట్టం. నిండేదాకా ఆగే ఓపిక ఎవరికి? పదిహేడేళ్ళ వాడు ఇరవై అని రాయించుకుని కూచునేవాడు. ఆ మూడేళ్ళ అబద్ధం తర్వాత ఏం చేసిందో చెబుతాను.

మనకి ఆసక్తి కలిగించేది వాళ్ళ వంట. క్యాబిను వెనక ఓ చెక్కపెట్టె. అందులో పంపు స్టవ్వు, ఓ సత్తు గిన్నె, బియ్యం, ఎండుమిరపకాయలు, చింతపండు ఉండ, ఉప్పు పొట్లం, ఉల్లిపాయలు, కాసిని ఎండుచేపలు. ఇల్లాలు కట్టిచ్చిన చోడిపిండి ఓ సంచిలో. నీళ్ళు దొరికే చెట్టు కింద లారీ ఆపి, కిరసనాయిలు అయిపోతే మూడు రాళ్ళు పెట్టి పుల్లలు ఏరుకొచ్చి వండుకునేవారు. రాయపూరు దాటితే రొట్టెలే దొరుకుతాయి. ఆ రొట్టె నాలుగు రోజులు తింటే అన్నం కలలోకొస్తుందని ఒకాయన నాతో అన్నాడు. మన మగాళ్ళు ఇంట్లో మంచినీళ్ళు ముంచుకోవడానికి కూడా మనల్ని కేకేస్తారా, ఈ మహానుభావులు అర్ధరాత్రి అడివిలో పులుసు పెట్టుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం గరిటె ముట్టేవారు కాదట! అది వేరే సంగతి.

1975లో నేషనల్ పర్మిట్లు వచ్చాయి. అంతవరకూ కొండ పైకీ కిందకీ తిరిగే లారీ, కలకత్తా, నాగపూరు, ఢిల్లీ దాకా పోవడం మొదలెట్టింది. ‘లైను’ అన్న మాటకి అప్పుడు అర్థం మారింది. లైనుకెళ్ళాడంటే మూడు రోజులు కాదు, ఇరవై రోజులు. లోడు దొరక్కపోతే నెల. కుటుంబానికి కబురు ఎలా? అటునుంచి వచ్చే మరో సాలూరు లారీ. “ఫలానా వూళ్ళో టీ తాగుతూ కనిపించాడు, బానే వున్నాడు” అన్నది ఓ ఉత్తరంతో సమానం. తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చాయి, పక్కింటి ఫోనుకి చేసి “అయిదు నిమిషాల్లో మళ్ళీ చేస్తాను, పిలవండి” అనేవారు. ఆ అయిదు నిమిషాల్లో చేతిలో పని వదిలి పరిగెత్తిన ఆడవాళ్ళ గురించి ఏ గెజిటీరులోనూ రాయలేదు. బిడ్డ పుట్టిన సంగతి పురిటిస్నానం అయ్యాక తెలిసిన తండ్రులు ఆ వూళ్ళో ఎంతమందో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చట్టం లారీ వయసుని చాలా శ్రద్ధగా పట్టించుకుంది. మామూలు లారీకి 12 ఏళ్ళు దాటితే, ఎక్కువ ఇరుసులున్న లారీకి 15 ఏళ్ళు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. ‘నువ్వు అలిసిపోయావు, దూరం పోవద్దు’ అని చెప్పడమే కదా అది! అక్కణ్ణుంచి ఆ లారీ దగ్గర దారులు పట్టి ఇటుకలూ, ఇసకా, ఊకా మోస్తుంది. ఫిట్‌నెస్ పరీక్ష వుంది, గ్యారేజీ వుంది, ఆఖరికి తుక్కు కింద వెయ్యడానికి 2021లో ఓ విధానం కూడా వచ్చింది. లారీకి సగం రిటైర్మెంటూ, పూర్తి రిటైర్మెంటూ రెండూ వున్నాయి. దాన్ని పాతికేళ్ళు నడిపిన మనిషికి మాత్రం లైసెన్సు రెన్యువలు తప్ప మరో మాట లేదు. వాణిజ్య వాహనాల లైసెన్సు మూడేళ్ళకోసారి మార్చుకోవాల్సింది, 2019 సవరణతో అయిదేళ్ళయింది. డాక్టరు సర్టిఫికెట్టు జతచెయ్యాలి. డాక్టరుగారు చూపు వుందా అని చూస్తారు. చూపు పోయాక ఏం తింటాడు అన్నది ఆ ఫారంలో వున్న ప్రశ్న కాదు.

పని గంటలకి చట్టం లేకపోలేదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. ఎవరికి? అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకి. సాలూరు లాంటి వూళ్ళో ఒక లారీ, రెండు లారీల యజమాని ఎక్కువ. చాలామంది యజమానులు నిన్నటి డ్రైవర్లే, అప్పుచేసి లారీ కొనుక్కున్న వాళ్ళే. ఓ డ్రైవరు, ఓ క్లీనరు, ఎప్పుడైనా ఓ సెకండ్ డ్రైవరు. లెక్క అయిదు దాకా పోనే పోదు. ఆ చట్టం ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక స్మృతిలో కలిసిపోయింది. పక్క రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపే ఆయన్ని చూడండి. 1958 జనవరి 11న కార్పొరేషను పుట్టింది, 2020 జనవరి 1 నుంచి ఆయన ప్రభుత్వోద్యోగి. ఆయనకి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, తారీఖు వేసిన రిటైర్మెంటు. కన్ను మందగిస్తే మరో పని ఇమ్మని అడగడానికి డిపో, యూనియను. అదే ఘాటీ, అవే మలుపులు, అదే పొగమంచు. మనిషి కూచున్న సీటు మారేసరికి ముసలితనం మారిపోయింది.

అంచేత లారీ డ్రైవరు తన రిటైర్మెంటుని తానే ముక్కలు చేసుకుంటాడు. యాభై దాటాక ఢిల్లీ లైను మానేస్తాడు. ఘాటీ వరకే అంటాడు. తర్వాత రాత్రిళ్ళు నడపనంటాడు. ఎదురొచ్చే లైటు కళ్ళల్లో పగిలినట్టు కనిపిస్తోందంటే శుక్లం మొదలైందన్నమాట. ఆ మాట యజమానికి చెబితే బండి ఇవ్వడు, అంచేత ఇంట్లో కూడా చెప్పడు. పవరు స్టీరింగు లేని రోజుల్లో తిప్పిన భుజాలు, ఏళ్ళ తరబడి ఆపుకున్న మూత్రం, షుగరు, నడుము. పగలు ఇటుక లోడు, ఆ తర్వాత స్కూలు వ్యాను, బాడీ షెడ్డులో కాపలా. ఒక్కో మెట్టూ దిగుతున్న కొద్దీ బత్తా తగ్గుతుంది. లైను మీద వున్నప్పుడు రోజు బత్తాతోనే ఇల్లు గడిపేసిన ఇల్లాలికి నెల జీతం అనేదాన్ని ఎలా పొదుపుచెయ్యాలో అప్పుడు కొత్తగా నేర్చుకోవాలి.

ఇందులో కాస్త హాయిగా వుండే మెట్టు ఒకటుంది. మనలాంటి రిటైరైన దంపతులు నలుగురు కలిసి ఓ వ్యాను మాట్లాడుకుని గుప్తేశ్వరమో, పూరీయో, జగదల్‌పూరు దసరాకో బయల్దేరతారు చూడండి, ఆ వ్యాను నడిపేది తరచుగా ఇలాంటి పాత లారీ డ్రైవరే. నేనూ ఓసారి అలా కొండెక్కాను. వెనక సీట్లో పెద్దవాళ్ళు మోకాళ్ళ నూనెల గురించి మాట్లాడుకుంటున్నారు, ముందు ఆయన తన దారి చూసుకుంటున్నాడు. బోర్డులు మెరిసే హోటళ్ళు వదిలేసి ఎక్కడో మలుపులో రేకుల పాక దగ్గర ఆపాడు. “ఇక్కడి నీళ్ళు బాగుంటాయమ్మా” అన్నాడు. నిజంగానే బాగున్నాయి. ఏ మలుపులో వానాకాలం రాళ్ళు దొర్లుతాయో, ఎక్కడ పొగమంచు ముందు దిగుతుందో, ఏ వంతెన దగ్గర ఏ సంవత్సరం ఎవరి లారీ పడిందో ఆయనకి నోటికొచ్చు. రోడ్డుకి 43వ నంబరు తీసి 26 ఇచ్చారు గానీ ఆయన నోట ఇంకా ‘నలభైమూడే’. మా పెద్దవాళ్ళు ఆయన్ని ‘నువ్వు’ అంటూనే మొదలుపెట్టి, దిగొచ్చేసరికి ‘మీరు’లోకి మారిపోయారు.

ఆయన భార్యని సాలూరులో వాళ్ళింట్లో కలిశాను. నన్ను చూసి పీట వేసింది. “ఏం అప్పా, ఇప్పుడు ఇంటిపట్టున వుంటున్నాడు కదా, నిమ్మళమేనా?” అన్నాను.

“ఏటి నిమ్మళమమ్మా. లైను మానీసి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ రాత్రి రెండింటికి లేసి కూకుంటాడు. ఏటయింది మావా అంటే, ఘాటీ వచ్చీసిందనుకున్నానే అంటాడు” అంది.

వయసు తగువు కూడా ఆవిడే చెప్పింది, నవ్వుతూ. పదిహేడుకి ఇరవై అని రాయించుకున్న ఆ లైసెన్సు తారీఖే అన్ని కార్డుల్లోకీ పాకింది. కాగితంలో ఆయన మూడేళ్ళు పెద్ద. దాంతో వృద్ధాప్య పింఛను మూడేళ్ళు ముందే వచ్చింది, 2024 జూలై నుంచి నెలకి 4,000. కానీ అదే కార్డు చూసి లారీ యజమానులు కూడా మూడేళ్ళు ముందే వద్దన్నారు. ఎటు పోయిందో ఎటు వచ్చిందో మీరే లెక్క కట్టుకోండి. 2019లో కేంద్రం అసంఘటిత కార్మికులకని ఓ పింఛను పథకం పెట్టింది, అరవై దాటాక నెలకి 3,000. అందులో చేరాలంటే వయసు 18కీ 40కీ మధ్య వుండాలి. నేషనల్ పర్మిట్ తొలిరోజుల్లో ఎక్కిన వాళ్ళెవరికీ ఆ తలుపు తెరిచి లేదు.

రోడ్డు బాగుపడలేదని నేననను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టుల దగ్గర రోజుల తరబడి కాపలా పోయింది. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిను వుండి తీరాలి. ముప్ఫై ఏళ్ళు ఇంజను వేడికి కాళ్ళు కాల్చుకున్న వాళ్ళు ఈ మాట విని, మంచిదే, పిల్లలైనా సుఖపడతారన్నారు. అయితే పిల్లలు రావడం లేదు! గురువుగారి కొడుకు ఇంజనీరింగు చదువుతానంటాడు, తండ్రీ చదవమంటాడు. 2024 జనవరి మొదట్లో, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ళ దాకా జైలనే కొత్త చట్టం మీద దేశమంతా లారీలు ఆగిపోయాయి గుర్తుందా? జనం కొడతారనే భయంతో పారిపోతాం తప్ప మనిషి మీద దయలేక కాదని డ్రైవర్లు మొత్తుకున్నారు. ఆ సెక్షను అమలు ఆగింది గానీ, ఆ వారం టీవీ చూసిన తల్లులు మాత్రం కొడుకుల్ని స్టీరింగు దగ్గరికి పోనిస్తారా? జపానులో కూడా డ్రైవర్ల కరువే. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ డ్రైవరు ఓవర్‌టైము ఏడాదికి 960 గంటలు మించకూడదన్నారు, సరుకు చేరేదెలా అని దేశమంతా తలపట్టుకుంది. ఇక్కడ గంటలు లెక్కపెట్టేవాడు లేడు కనక సరుకు చేరిపోతోంది. కొత్త వాళ్ళు రానప్పుడు దిగిపోయిన వాళ్ళనే మళ్ళీ పిలుస్తారు. “ఒక్క ట్రిప్పు, రాయపూరు దాకా, కుర్రాడు హ్యాండిచ్చాడు” అని అర్ధరాత్రి ఫోను. ఆపరేషన్ చేయించుకోని కన్నుతో, అరవై దాటిన మనిషి లుంగీ సర్దుకుని లేస్తాడు. మన ఇంటికొచ్చే పప్పూ, సిమెంటూ ఆ కంటి మీద ఆధారపడి వస్తున్నాయని మనకి తెలియదు.

ఆవిడ మరో సంగతి చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొగుడి లారీ క్యాబినులో కూచుని ఆవిడ ఒక్కసారీ ఘాటీ ఎక్కలేదట. ఆడమనిషిని లైనుకి తీసుకెళ్ళరు. వ్యాను తోలడం మొదలెట్టాక, ఓ శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్ళే బేరంలో ఒక సీటు ఖాళీ మిగిలితే పార్టీ వాళ్ళని అడిగి ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా టీ కొట్ల వాళ్ళు చెయ్యి ఊపుతూంటే ఆవిడకి ఆశ్చర్యం. ఆయన పేరు ఎవరికీ తెలియదు, ‘సాలూరు’ అనే పిలిచారట. పొట్టంగి దాటాక ఓ చెట్టు దగ్గర వ్యాను ఆపి పార్టీని కాళ్ళు సాగదీసుకోమన్నాడు.

“ఇక్కడేనా మావా, నువ్వు వండుకున్నది? అని అడిగినానమ్మా. ఔనని మూడు రాళ్ళు సూపించినాడు. నల్లగా మసిపట్టి ఉన్నాయి.”

“ఇంకా అలాగే వున్నాయా!” అన్నాను నేను.

ఆవిడ కొంగుతో పీట తుడిచి, గోడకి చేరవేసింది. “అయ్యి మా మావయో, ఇంకెవులయో, ఏటి తెలుస్తాదమ్మా” అంది.